ఇంజిన్ అందుకున్న తరువాత స్టార్టర్ మోటారు కీచుమంటోంది: విప్పే ముందు కారణం తేల్చుకోవడం ఎలా?

పాతబండి_యజమాని:

సభ్యులందరికీ నమస్కారం. నాది నాలుగు సిలిండర్ల పెట్రోలు ఇంజిన్, చేత్తో మార్చే గేర్లు, తాళం తిప్పి స్టార్ట్ చేసే పాత కారు. నెల రోజులుగా సెల్ఫ్ కొట్టినప్పుడు ఒక చప్పుడు వస్తోంది. తాళం తిప్పగానే ఇంజిన్ మామూలుగానే తిరుగుతుంది, వెంటనే అందుకుంటుంది. అందుకున్న తరువాత తాళం వదిలే సమయంలో మాత్రం, ఇనుము మీద ఇనుము రాసుకున్నట్టు సన్నగా మొదలై, కీచుమంటూ పైకి లేచి, అర సెకనో సెకనో వినిపించి ఆగిపోతుంది. ప్రతిసారీ రాదు. మూడు నాలుగు సార్లకు ఒకసారి వస్తుంది. రాత్రంతా ఆగి ఉన్న బండిని ఉదయం తీసినప్పుడు ఎక్కువగా వస్తుంది, ఇంజిన్ వేడెక్కాక తక్కువ.

నా దగ్గర మల్టీమీటర్, సాకెట్ల సెట్టు, జాకీ, రెండు స్టాండ్లు ఉన్నాయి. వైరింగ్ పని కొంత తెలుసు గానీ స్టార్టర్ మోటారును ఎప్పుడూ విప్పలేదు. మోటారు మొత్తం మార్చేయమని ఒకరు సలహా ఇచ్చారు. తప్పు ఎక్కడుందో తెలియకుండా కొత్తది బిగిస్తే అదే చప్పుడు మళ్లీ వస్తుందేమోనని నా భయం. ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో చెప్పండి.

గేర్లపెట్టె:

మీరు చప్పుడు ఎలా ఉందో చెప్పడంతో ఆగకుండా అది ఎప్పుడు వస్తుందో కూడా రాశారు. స్టార్టర్ విషయంలో సగం నిర్ధారణ అక్కడే జరుగుతుంది కాబట్టి ముందు దాని పనితీరును ఒకసారి చూద్దాం.

తాళం తిప్పినప్పుడు మోటారు మీద ఉన్న సోలెనాయిడ్ అనే విద్యుదయస్కాంతంలోకి కరెంటు వెళుతుంది. సోలెనాయిడ్ లోపలి ఇనుప కడ్డీ వెనక్కి లాగబడి, ఒక ఫోర్క్ ద్వారా పినియన్ అనే చిన్న పళ్ల చక్రాన్ని ముందుకు తోసి, ఇంజిన్‌తో పాటు తిరిగే ఫ్లైవీల్ అనే బరువైన చక్రం చుట్టూ ఉన్న రింగ్ గేరు పళ్లలో కలుపుతుంది. కడ్డీ ప్రయాణం చివరికి వచ్చాకే లోపలి రాగి బిళ్ల రెండు పెద్ద టెర్మినళ్లను కలిపి, అసలు మోటారుకు బ్యాటరీ కరెంటును అందిస్తుంది. ఇంజిన్ అందుకుని మీరు తాళం వదలగానే స్ప్రింగు పినియన్‌ను వెనక్కి లాగేస్తుంది. ఈ మధ్యలో ఇంజిన్ వేగం పినియన్ వేగాన్ని మించిపోతే మోటారు దెబ్బతినకుండా పినియన్ వెనుక ఒకవైపు మాత్రమే పట్టే క్లచ్ ఒకటి ఉంటుంది. చాలామంది మెకానిక్కులు ఆ పినియన్, క్లచ్ కలిసిన భాగాన్ని బెండిక్స్ అంటారు.

ఈ క్లచ్ ఎందుకు అంత ముఖ్యమో ఒక్క లెక్కతో తెలుస్తుంది. పినియన్‌కు 9 పళ్లు, రింగ్ గేరుకు 120 పళ్లు ఉన్నాయనుకోండి. ఇంజిన్ నిమిషానికి 800 చుట్లు తిరుగుతున్నా, దానితో కలిసి ఉన్న పినియన్ 10,000 చుట్లు దాటి తిరగాలి. క్లచ్ జారకుండా పట్టుకుపోతే ఆ వేగమంతా మోటారు లోపల తిరిగే ఆర్మేచర్‌కు వెళ్లి తీగచుట్లు గూళ్లలోంచి లేచిపోతాయి.

ఇప్పుడు చప్పుడు వచ్చే సమయాలు చూడండి. టిక్కుమని ఒక్క శబ్దం వచ్చి ఏమీ తిరగకపోతే సోలెనాయిడ్ లోపలి కాంటాక్టులు, ఆర్మేచర్‌కు కరెంటు అందించే బ్రష్షులు, లేదా లావు కేబుళ్లను అనుమానించాలి. టకటకమని వరుసగా కొట్టుకుంటే బ్యాటరీ బలహీనత లేదా వదులు టెర్మినల్. మోటారు రయ్యిన తిరుగుతూ ఇంజిన్ కదలకపోతే పినియన్ కలవడం లేదు, లేదా క్లచ్ జారిపోతోంది. ఇంజిన్ అందుకోకముందే, తిరుగుతున్నంతసేపూ కీచుమంటే పినియన్‌కూ రింగ్ గేరుకూ మధ్య దూరం ఎక్కువైందని అర్థం. మీకు వచ్చినట్టు ఇంజిన్ అందుకున్నాక, తాళం వదిలేటప్పుడు వస్తే పినియన్ ఆలస్యంగా వెనక్కి వస్తోంది, లేదా ఆ దూరం మరీ తక్కువగా ఉంది. ఇంజిన్ అందుకున్నాక సైరన్ లాగా ఊళ పెడితే క్లచ్ పాడైందని నేను అనుకుంటాను. పినియన్ వెనక్కి వచ్చేసి, మోటారు నెమ్మదిస్తూ ఆగేటప్పుడు గురగుర వినిపిస్తే షాఫ్టును మోసే బుష్ అరిగిందో షాఫ్టు వంగిందో చూడాలి.

ఒక పని చేయండి. మరొకరిని తాళం తిప్పమని చెప్పి, బెల్టులకూ ఫ్యానుకూ దూరంగా నిలబడి, ఫోనులో ఆ చప్పుడును రికార్డు చేసి, వేగం తగ్గించి వినండి. ఇంజిన్ అందుకున్న క్షణం, తాళం వదిలిన క్షణం, కీచుమన్న క్షణం విడివిడిగా తెలుస్తాయి.

వారాంతపు_మెకానిక్:

నా అనుభవంలో ఇలాంటి చప్పుడుకు స్టార్టర్ మీద సుత్తితో రెండు దెబ్బలు వేస్తే కొంతకాలం తగ్గింది. తరువాత తీసి పినియన్‌కు గ్రీజు బాగా దట్టించాను. మీరూ ప్రయత్నించవచ్చు.

వైరింగ్_చదువరి:

మీ సలహా మంచి ఉద్దేశంతో ఇచ్చిందే. అయినా కొత్తవారు దానిని పాటించకూడదని గట్టిగా చెప్పవలసి వస్తోంది. పాత మోటార్లలో తీగ చుట్టిన పోల్ దిమ్మలు ఉండేవి. ఇప్పటి చిన్న మోటార్లు చాలావాటిలో వాటి బదులు పింగాణీ వంటి పెళుసైన శాశ్వత అయస్కాంతాలు ఉంటాయి. సుత్తి దెబ్బకు అవి పగిలి, ముక్క ఆర్మేచర్‌కు అడ్డం పడితే బాగుపడే మోటారు కూడా చెత్తబుట్టకు పోతుంది. గ్రీజు సంగతీ అంతే. పినియన్ ఉండే చోట, గేర్ల కోసం కాలితో తొక్కే క్లచ్ ప్లేటు పొడి ఎగురుతూ ఉంటుంది. గ్రీజు ఎక్కువైతే ఆ పొడిని పట్టుకుని ముద్దగా మారి, పినియన్ కదలికను మరింత బిగిస్తుంది.

పాతబండి గారూ, మోటారు విప్పే ముందు కరెంటు లెక్కలు తేల్చుకోండి. స్పానర్ అవసరం లేని పని, అరగంటలో అయిపోతుంది. గేరు న్యూట్రల్‌లో ఉంచి, చేతి బ్రేకు వేసి, ఇంజిన్ అందుకోకుండా ఫ్యూయల్ పంపు ఫ్యూజు తీసేయండి. బండి ఆగి ఉన్నప్పుడు బ్యాటరీ వోల్టేజీ చూడండి. 12.6 ఉంటే పూర్తి చార్జి, 12.2 దగ్గర ఉంటే సగమే. తరువాత సెల్ఫ్ కొడుతూ నాలుగు చోట్ల కొలవండి. మొదటిది బ్యాటరీ రెండు కొమ్ముల మధ్య. రెండవది బ్యాటరీ పాజిటివ్ కొమ్ము నుంచి స్టార్టర్ మీది లావు కేబుల్ బోల్టు దాకా. మూడవది బ్యాటరీ నెగటివ్ కొమ్ము నుంచి స్టార్టర్ ఒంటి దాకా. మీటరు ముల్లును క్లాంపు మీద కాక సీసపు కొమ్ము మీదే పెట్టాలి. లేకపోతే క్లాంపుకూ కొమ్ముకూ మధ్య ఉన్న తప్పు కనబడదు. పాజిటివ్ వైపు అర వోల్టు, ఎర్త్ (నెగటివ్) వైపు 0.2 వోల్టు దాటితే ఆ దారిలో ఎక్కడో తుప్పో వదులో ఉన్నట్టు.

నాలుగవ కొలత మీకు అన్నిటికంటే ముఖ్యం. సోలెనాయిడ్ మీద ఉన్న సన్నని వైరుకు మీటరు పెట్టి, తాళం వదలగానే అక్కడ వోల్టేజీ వెంటనే సున్నాకు పడుతుందో లేదో చూడండి. పడకపోతే మోటారు తప్పు కాదు, తాళం స్విచ్చో, దానితో పనిచేసే రిలే అనే స్విచ్చో పట్టేస్తోంది. ఒకేసారి పది సెకన్లకు మించి సెల్ఫ్ కొట్టకండి, రెండు ప్రయత్నాల మధ్య ఒకటి రెండు నిమిషాలు ఆగండి.

పాతబండి_యజమాని:

రెండు రోజుల తరువాత రాస్తున్నాను. ఫోను రికార్డింగును నెమ్మదిగా విన్నప్పుడు, తాళం వదిలిన తరువాతే కీచుమనడం మొదలవుతోందని స్పష్టంగా తెలిసింది. ఆగి ఉన్నప్పుడు బ్యాటరీ 12.5 చూపింది. సెల్ఫ్ కొట్టేటప్పుడు దాని కొమ్ముల మధ్య 10.2, పాజిటివ్ దారిలో నష్టం 0.3, ఎర్త్ దారిలో 0.8 వచ్చాయి. అంటే మోటారుకు అందుతున్నది 9.1 మాత్రమే. సన్నని వైరులో వోల్టేజీ తాళం వదలగానే సున్నాకు పడిపోతోంది.

ఎర్త్ కేబుల్ గేర్ బాక్సుకు కలిసే చోట విప్పి చూస్తే వాషరు కింద పచ్చగా చిలుము పట్టి ఉంది. వైర్ బ్రష్షుతో మెరిసేదాకా రుద్ది మళ్లీ బిగించాను. నష్టం 0.1కి తగ్గింది. ఇంజిన్ ముందుకంటే చురుకుగా తిరుగుతోంది, కానీ కీచు పోలేదు.

వైరింగ్_చదువరి:

ఎర్త్ మంచిగా చేయడం వృథా కాలేదు. తక్కువ వోల్టేజీతో సోలెనాయిడ్ మందకొడిగా లాగితే పినియన్ సరిగా కలవకముందే పళ్ల అంచులు రాసుకుంటాయి, కాంటాక్టులు కాలిపోతాయి. అయితే తాళం స్విచ్చు, రిలే నిర్దోషులని మీ నాలుగవ కొలత చెబుతోంది. ఇక మోటారు కిందికి దిగవలసిందే.

మీట_నొక్కే_బండి:

ఈ చర్చ చదువుతుంటే నాకూ ఒక సందేహం వచ్చింది. నాది మీట నొక్కి స్టార్ట్ చేసే బండి. ఒక్కోసారి మోటారు ఖాళీగా రయ్యిమంటుంది, ఇంజిన్ తిరగదు, రెండోసారి నొక్కితే మామూలుగా అందుకుంటుంది. పాతబండి గారి సమస్యా నాదీ ఒకటేనా?

గేర్లపెట్టె:

కాదండి. మీ బండిలో స్టార్టర్‌ను ఎప్పుడు ఆపాలో ఇంజిన్ కంప్యూటరే నిర్ణయిస్తుంది కాబట్టి చేయి ఆలస్యంగా తీయడం అనే ప్రశ్న ఉండదు. పైగా మీ చప్పుడు ఇంజిన్ అందుకోకముందే వస్తోంది. పినియన్ కలిసినా వెనుక ఉన్న ఒకవైపు క్లచ్ జారుతుంటే సరిగ్గా మీరు చెప్పినట్టే ఉంటుంది. రింగ్ గేరులో ఒకచోట పళ్లు పూర్తిగా అరిగినా ఇలాగే కావచ్చు. ఈ రెండింటినీ వేరు చేయడానికి తేలికైన పరీక్ష ఉంది. ఈసారి అలా జరిగినప్పుడు మళ్లీ మీట నొక్కకుండా, బండిని పూర్తిగా ఆఫ్ చేసి, గేరు న్యూట్రల్‌లో ఉంచి, క్రాంక్ పుల్లీ బోల్టుకు సాకెట్ పెట్టి ఇంజిన్‌ను అది తిరిగే దిశలోనే చేత్తో పావు చుట్టు తిప్పండి. ఆ తరువాత ప్రతిసారీ బాగా అందుకుంటే అనుమానం రింగ్ గేరు మీదికి వెళుతుంది. ఎక్కడ ఆపినా అప్పుడప్పుడు జారుతుంటే బెండిక్స్.

పాతబండి గారికి, విప్పే పద్ధతి చెబుతాను. ముందుగా బ్యాటరీ నెగటివ్ తీసేయండి. ఇందులో రాజీ వద్దు, ఎందుకంటే స్టార్టర్‌కు వచ్చే లావు కేబుల్‌లో చాలా బండ్లలో ఫ్యూజు ఉండదు, తాళం తీసినా అది ఎప్పుడూ కరెంటుతోనే ఉంటుంది. స్పానర్ ఒక కొస దానికీ మరో కొస ఇంజిన్‌కూ తగిలితే స్పానర్ ఎర్రగా కాలి అతుక్కుపోతుంది. కింది నుంచి పని చేయవలసి వస్తే బండిని స్టాండ్ల మీద నిలపండి. జాకీ ఒక్కదాన్నే నమ్మి కిందికి దూరవద్దు. వైర్లు విప్పే ముందు ఫోటో తీసుకోండి. బిగింపు బోల్టులు విప్పేటప్పుడు అవి ఎంత గట్టిగా ఉన్నాయో గమనించండి, ఎందుకంటే ఒక్క బోల్టు వదులైనా మోటారు పక్కకు వాలి ఇదే కీచు వస్తుంది. మోటారుకూ గేర్ బాక్సుకూ మధ్య పలుచని రేకులు ఉంటే ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి జాగ్రత్త చేయండి. కొన్ని ఇంజిన్లలో పళ్ల మధ్య దూరాన్ని ఆ రేకులే నిర్ణయిస్తాయి. మోటారు మూతి ఒక గుండ్రని గూటిలో కూర్చునే రకమైతే రేకులు ఉండవు, వేయనూ కూడదు.

బయటికి తీశాక మోటారును దాని బిగింపు చెవి దగ్గర వైస్‌లో పట్టించండి. గుండ్రని ఒంటిని నొక్కవద్దు. ముందు మోటారు తిరగకుండా సోలెనాయిడ్‌ను మాత్రమే పరీక్షించాలి. సోలెనాయిడ్ నుంచి మోటారు లోపలికి వెళ్లే పొట్టి తీగను దాని టెర్మినల్ దగ్గర విప్పి పక్కకు పెట్టండి. బ్యాటరీ నెగటివ్‌ను ఆ ఖాళీ అయిన టెర్మినల్‌కూ మోటారు ఒంటికీ రెండింటికీ కలిపి, పాజిటివ్‌ను సన్నని టెర్మినల్‌కు తాకిస్తే పినియన్ బయటికి దూకాలి. ఖాళీ టెర్మినల్ దగ్గర నెగటివ్ తీసేసినా పినియన్ అక్కడే నిలవాలి. లోపల లాగే చుట్టు, పట్టి ఉంచే చుట్టు అని రెండు వేర్వేరు చుట్లు ఉంటాయి, నిలబెట్టేది రెండవది. చివరగా ఒంటి దగ్గర నెగటివ్ తీయగానే పినియన్ టక్కున వెనక్కి రావాలి. మూడూ కలిపి అయిదు సెకన్లలో ముగించండి, లేకపోతే చుట్టు కాలుతుంది. వేళ్లు పినియన్ దరిదాపుల్లో ఉండకూడదు.

పాతబండి_యజమాని:

ఆదివారం ఉదయమంతా ఈ పనికే పట్టింది. పై బోల్టుకు చేయి అందడానికే గంట గడిచింది. రెండు బోల్టులూ గట్టిగానే ఉన్నాయి. నాది మూతి గూటిలో కూర్చునే రకం, రేకులు లేవు.

మీరు చెప్పిన పరీక్షలో పినియన్ బయటికి బాగానే వచ్చింది, నిలిచింది, కానీ కరెంటు తీశాక నాలుగుసార్లలో రెండుసార్లు బద్ధకంగా, ఒకసారి సగం దాకా మాత్రమే వెనక్కి వచ్చింది. ముందు మూత విప్పి చూస్తే షాఫ్టు మీది మెలికల గాళ్లలో నల్లటి జిగురు ముద్ద గట్టిపడి ఉంది. పినియన్‌ను చేత్తో తిప్పితే ఒక దిశలో సాఫీగా తిరుగుతోంది, మరో దిశలో పట్టుకుంటోంది. షాఫ్టును మూతి దగ్గర పట్టుకుని ఊపితే కంటికి కనిపించేంత కదులుతోంది. ఆర్మేచర్ మీద ఒక పక్క మెరిసే గీత కూడా ఉంది. ఇవన్నీ ఒకే తప్పుకు గుర్తులా, వేర్వేరువా?

గేర్లపెట్టె:

రెండు తప్పులు ఒకదానికొకటి తోడయ్యాయి. జిగురు వల్ల పినియన్ ఆలస్యంగా వస్తోంది. చల్లటి ఉదయం ఆ ముద్ద మరింత గట్టిపడుతుంది కాబట్టే అప్పుడు చప్పుడు ఎక్కువగా విన్నారు. మూతి దగ్గరి కంచు బుష్ అరగడం వల్ల షాఫ్టు వాలి, పళ్లు కోణంలో కలుస్తున్నాయి. ఆర్మేచర్ మీది గీత కూడా ఆ వాలు వల్లే, అది అయస్కాంతాలకు రాసుకోవడం మొదలైంది. ఇది ఇప్పుడే పట్టుకున్నారు, ఇంకొంతకాలం ఆగితే ఆర్మేచర్ పోయేది.

గాళ్లను కొద్దిగా సాల్వెంట్ తడిపిన గుడ్డతో, పాత పళ్ల బ్రష్షుతో తుడవండి. బెండిక్స్‌ను మాత్రం పెట్రోలులోనో కిరోసిన్‌లోనో ముంచకండి. ఒకవైపు క్లచ్ లోపల తయారీలోనే పెట్టిన గ్రీజు ఉంటుంది, అది కరిగి కొట్టుకుపోతే క్లచ్ కొద్ది రోజుల్లోనే జారడమో పట్టేయడమో ఖాయం. ఈ ఒక్క పొరపాటుతో బాగున్న బెండిక్సులు పాడవడం నేను చాలాసార్లు చూశాను. గాళ్లు ఆరాక వేలితో పలుచగా, మెరుపు కనిపించేంత మాత్రమే గ్రీజు రాయండి.

కొత్త బుష్ కొలత సరిపోయేది తెచ్చుకుని, రాత్రంతా ఇంజిన్ ఆయిల్‌లో నాననివ్వండి. అది సూక్ష్మరంధ్రాలున్న కంచు, నూనెను పీల్చుకుని తరువాత నెమ్మదిగా షాఫ్టుకు ఇస్తుంది. పాతదాన్ని తీసేటప్పుడు మూతకు కింద ఆధారం పెట్టండి, అది అల్యూమినియం, సులువుగా చిట్లుతుంది. కొత్తది వైస్‌తో నిదానంగా, నిటారుగా నొక్కండి. సుత్తితో కొడితే అంచు మడతపడుతుంది.

వైరింగ్_చదువరి:

విప్పి ఉన్నప్పుడే బ్రష్షులు, అవి రాసుకునే రాగి పలకల భాగం, అంటే కమ్యుటేటర్ చూడండి. బ్రష్షుల పొడవు మీ బండి మాన్యువల్‌లోని కనీస కొలతకు దగ్గరపడితే ఇప్పుడే మార్చండి. కమ్యుటేటర్ నల్లబడితే సన్నని గాజు కాగితంతో రుద్దవచ్చు గానీ ఎమెరీ కాగితం వాడకండి, దాని రేణువులు రాగి పలకల మధ్య ఇరుక్కుంటాయి. తరువాత మీటరుతో రాగి పలకలకూ షాఫ్టుకూ మధ్య చూడండి. అక్కడ కరెంటు దారి అసలు ఉండకూడదు.

పాతబండి_యజమాని:

బ్రష్షులు సగానికి పైగా మిగిలి ఉన్నాయి, కమ్యుటేటర్ నుంచి షాఫ్టుకు దారి లేదు. బుష్ మార్చాను, గాళ్లు శుభ్రం చేశాను. ఇప్పుడు పరీక్షిస్తే పదిసార్లలో పదిసార్లూ పినియన్ టక్కున వెనక్కి వచ్చింది. మోటారు కూర్చునే గూటినీ, బిగింపు చెవినీ లోహం మెరిసేదాకా తుడిచాను, ఎందుకంటే ఎర్త్ అక్కడి నుంచే వెళుతుందని ఇప్పుడు అర్థమైంది. రెండు బోల్టులనూ చేత్తో ఆనేదాకా తిప్పి, తరువాత ఒకదాని తరువాత ఒకటిగా మాన్యువల్‌లో ఉన్న బిగింపుకు తెచ్చాను. నెగటివ్ చివరగా తగిలించాను.

మోటారు బిగించే ముందు ఆ రంధ్రంలోంచి టార్చి వేసి, క్రాంక్ బోల్టుతో ఇంజిన్‌ను తిప్పుతూ రింగ్ గేరు మొత్తం చూశాను. సుద్దతో గుర్తు పెట్టుకుని చూస్తే, సరిగ్గా ఎదురెదురుగా రెండుచోట్ల అయిదారు పళ్ల అంచులు గుండ్రంగా అరిగి ఉన్నాయి. విరిగినవి లేవు. వీటి గురించి ఏం చేయాలి?

గేర్లపెట్టె:

నాలుగు సిలిండర్ల ఇంజిన్‌ను ఆపినప్పుడు అది కంప్రెషన్ అడ్డుకునే రెండు చోట్ల, అంటే అర చుట్టు తేడాతో ఆగుతుంది. అందుకే పినియన్ ఎప్పుడూ ఆ రెండు చోట్లే వచ్చి తగులుతుంది, అరుగుదలా అక్కడే. అంచులు గుండ్రబడినంత మాత్రాన ఇప్పుడే చేయవలసింది ఏమీ లేదు. పంటి పొడవులో మూడో వంతు కంటే ఎక్కువ పోయినప్పుడో, పళ్లు విరిగినప్పుడో నేనైతే రింగ్ గేరు మారుస్తాను. దానికి గేర్ బాక్సు దించి, రింగును వేడి చేసి ఫ్లైవీల్ మీదికి దించాలి, అది ఇంటి పని కాదు. క్లచ్ ప్లేటు మార్చడానికి గేర్ బాక్సు ఎలాగూ దించే రోజు వస్తే అప్పుడే చేయించండి.

పాతబండి_యజమాని:

మూడు వారాలు గడిచాయి. ప్రతి ఉదయం మొదటి స్టార్టును ఫోనులో రికార్డు చేస్తున్నాను, ఒక్కసారి కూడా కీచు రాలేదు. నిన్న రెండు రికార్డింగులను పక్కపక్కన విన్నాను. పాతదానిలో ఇంజిన్ అందుకున్నాక మోటారు చప్పుడు సాగుతూ ఉంటే, కొత్తదానిలో తాళం వదలగానే టక్కుమని తెగిపోతోంది. ఎర్త్ నష్టం మళ్లీ కొలిచాను, 0.1 దగ్గరే ఉంది. సుద్ద గుర్తులు పెట్టిన పళ్ల ఫోటో దాచుకున్నాను, ఆరు నెలల తరువాత మళ్లీ తీసి అరుగుదల పెరిగిందో లేదో ఇక్కడే రాస్తాను.

మీట_నొక్కే_బండి:

నాది కూడా చెబుతాను. చేత్తో పావు చుట్టు తిప్పి చూశాను, ఆ తరువాతా రెండుసార్లు ఖాళీగా జారింది. అంటే బెండిక్స్ అని తేలినట్టే. విప్పడానికి ముందు ఫోటోలు తీసి, ఇదే చర్చలో పెడతాను.